ఇసుకపులి గీత

మా అక్క దానమ్మప్ప చేత ఆ ఇల్లు కట్టించింది నేనే. కాదని బుకాయించే ఓపిక నాకిప్పుడు లేదు. ఎవరైనా జాలిపడి "నీదేం తప్పు కామేశం, నీకు మాత్రం ఏం తెలుసు" అంటే ఒళ్లు మండుతుంది. తెలుసు. అందరికంటే ముందు నాకే తెలుసు. అందుకే మొదట్నుంచీ చెబుతాను.

మాది పీతలరేవు. శ్రీకాకుళం జిల్లా ఒడ్డున నూటయాభై గడప ఉన్న ఊరు. అందరూ సముద్రం మీద వేటకు పోయేవాళ్లే. నేనొక్కణ్ణే పనికిరాలేదు. పడవెక్కితే చాలు, కక్కుకునేవాణ్ణి. అందుకని రేడియోలు బాగుచేయడం నేర్చుకున్నాను. ఆ పని పట్టుకుని పదిహేనేళ్లు ఊళ్లు తిరిగి, చివరికి మా రేవు చివర పరిశోధన కేంద్రం పెడితే అందులో మెకానిక్కుగా చేరాను. ఆ కేంద్రం పెట్టింది ఒక పురుగు కోసం. మా అప్ప మొగుడు ఎర్రయ్య బావ నాకు వెంటనే 'పురుగుల కాంపౌండరు' అని పేరు పెట్టేశాడు. ఊరంతా అదే పేరుతో పిలిచింది.

ఆ పురుగును మేం ఇసుకపులి అంటాం. చిటికెనవేలి గోరంత ఉంటుంది. వీపు మీగడ రంగు, దానిమీద రాగిరంగు గీతలు. పరిగెత్తితే కంటికి ఆనదు. చిన్నప్పుడు దాన్ని పట్టుకుందామని ఎన్ని మధ్యాహ్నాలు పాడుచేసుకున్నానో! అది పరిగెత్తి ఆగుతుంది, మళ్లీ పరిగెత్తి ఆగుతుంది. మమ్మల్ని ఏడిపించడానికే ఆగుతోందనుకునేవాళ్లం. కేంద్రానికి పెద్ద, డాక్టర్ సునందిని గారు చెప్పాకే అసలు సంగతి తెలిసింది. పరిగెత్తేటప్పుడు దానికి కళ్లు కనబడవట. అంత వేగం. అందుకని ఆగి, చూసుకుని, మళ్లీ గుడ్డిగా దూకుతుంది.

దాని పిల్ల మరీ విచిత్రం. తడి ఇసుకలో నిలువుగా బొరియ తవ్వుకుంటుంది. తన తలనే ఆ బొరియకు మూతగా పెట్టుకుని కూర్చుంటుంది. చీమ అటుగా వచ్చిందా, లటుక్కున లోపలికి లాగేస్తుంది. అలా రెండేళ్లు కూర్చుంటే గాని రెక్కలు రావు. ఆ రెండేళ్లూ ఇసుక కదలకూడదు, ఎవరూ తొక్కకూడదు. మిగతా ఒడ్డంతా రాళ్ల గోడలు కట్టి, ట్రాక్టర్లు నడిపి దాన్ని లేకుండా చేశారు. మిగిలింది మా రేవు పక్క మూడు మైళ్లే.

తవ్వకుండా పిల్లల్ని లెక్కపెట్టడానికి సునందిని గారు ఒక పరికరం కనిపెట్టారు. వెంట్రుక కంటే సన్నటి గాజుతీగ. జానెడు లోతున ఇసుకలో పరిస్తే, పక్క బొరియలో పిల్ల దవడ కదిపినా తెరమీద చుక్క పడుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఆ చప్పుడు వినబడుతుంది కూడా. దానికి 'ఇసుక చెవి' అని పేరు పెట్టింది నేనే. మొదటిరోజు ఆ చప్పుడు విన్నప్పుడు నేను ఇసుకమీద పడుకుని ఉన్నాను. నా పొట్టకింద వందల ప్రాణాలు టిక్కుటిక్కుమంటున్నాయి. పుట్టి పెరిగిన ఒడ్డు అది. ఇన్నేళ్లు వాటి నెత్తిన నడిచాను, ఒక్కనాడూ తెలియలేదు.

మూడో ఏడు జరిగింది అసలు విషయం. ఒకరోజు పొద్దున్నే నేను బ్యాటరీలు మారుస్తుంటే సునందిని గారు పిలిచారు. బల్లమీద రెండు పటాలు ఉన్నాయి. ఒకటి రెండేళ్ల కిందటి చుక్కల పటం. ఆ ఏడు పిచ్చి తల్లులు కొన్ని బాగా పైన, పొడి ఇసుకలో గుడ్లు పెట్టాయని మేం నవ్వుకున్న పటం అది. రెండోది నిన్న మొన్న కొలిచిన పోటు నీటి గీత. ఆవిడ ఒకదానిమీద ఒకటి పెట్టారు.

రెండూ ఒక్కటే. ఉప్పుటేరు మూతి దగ్గర్నుంచి దక్షిణపు దిబ్బ దాకా, ఒడ్డు వంకర తిరిగిన చోటల్లా చుక్కలూ వంకర తిరిగాయి. ఎక్కడా జానెడు తేడా లేదు.

"కామేశం గారూ, ఆ తల్లి ఇవాళ నీళ్లు ఎక్కడున్నాయో చూసి గుడ్డు పెట్టట్లేదు," అన్నారావిడ. "పిల్లకి రెక్కలొచ్చేనాటికి నీళ్లు ఎక్కడికొస్తాయో అక్కడ పెడుతోంది."

"రెండేళ్ల ముందే? దానికెలా తెలుస్తుందమ్మా?"

"నాకు తెలీదండీ," అన్నారు. అంత చదువుకున్న మనిషి ఆ మాట నవ్వుతూ అన్నారు. కళ్లనిండా నీళ్లు.

నాకు ఒళ్లంతా గగుర్పొడిచింది. ఉపగ్రహాలున్నవాళ్లకు తెలియనిది, ముప్పై ఏళ్లు సముద్రంలో పడవలు నడిపిన మా సరంగులకు తెలియనిది గోరంత పురుగుకు తెలుసు. ఆ సాయంత్రం ఒడ్డుమీద ఒక ఇసుకపులి నా ముందు ఆగి చూస్తే, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను. ఎవరూ చూడలేదు లెండి.

ఆ ఆషాఢంలో తల్లులు మళ్లీ గుడ్లు పెట్టాయి. భాద్రపదానికల్లా పిల్లల చుక్కలు తెరమీద పడటం మొదలైంది. చుక్కలు పైపైకి పోతున్నాయని తీగ కూడా పైపైకి పరుచుకుంటూ పోయాం. వలలు ఆరబెట్టే చోటు దాటింది. పడవల షెడ్డు దాటింది. ఊళ్లోకి వచ్చింది. మూడు వరసల ఇళ్లు దాటి, నాలుగో వరసలో మా అప్ప వాకిట్లోంచి పోయింది గీత. వరసగా అరవై ఒక్క చుక్కలు.

సరిగ్గా ఆ వారమే అప్ప నా దగ్గరికొచ్చింది. అప్పటికి ఆవిడది తాటాకుల ఇల్లు. చేపలు ఎండబెట్టి, తట్టలో పెట్టుకుని ఊరూరా అమ్మి, పక్కా ఇంటికోసం కూడబెడుతూ వచ్చింది.

"ఒరే కామేసూ, ఈ గుడిసెలో ముప్పై వానలు సూసినాను. ఇంక నావల్ల కాదు," అంది. "నువ్వా మిషను కాడే పన్జేస్తావు గదా. సెప్పు. ఇల్లు కట్టీసుకోవచ్చా, కూడదా?"

"రెండ్రోజులాగు అప్పా, చూసి చెబుతాను," అన్నాను.

చూసేదేముంది? చూసే ఉన్నాను. కానీ ఆవిడ మొహం చూశాక ఆ గీత అక్కడ ఉండకూడదనిపించింది. ఉండకూడదనిపించాక, ఎందుకు లేదో చెప్పడానికి కారణం వెతికాను. దొరికింది.

మా ఊళ్లో ఒక అలవాటుంది. ఆడవాళ్లు శుక్రవారం శుక్రవారం నీటి అంచునుంచి తట్టలతో తడి ఇసుక తెచ్చి వాకిట్లో పరుస్తారు. చేపలు ఆరబెట్టడానికి చోటు శుభ్రంగా ఉంటుందని. నేను సునందిని గారి దగ్గరికెళ్లి అదే చెప్పాను. "ఊళ్లో పడ్డ చుక్కలు పులులు పెట్టినవి కావమ్మా. మా ఆడవాళ్లు మోసుకొచ్చిన ఇసుకతో వచ్చిన గుడ్లు," అన్నాను.

ఆవిడ పటం మీద ఊరి చుక్కల్ని మళ్లీ చూశారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. "ఎంత పొరపాటు చేసేదాన్ని! ఊరిమనిషి పక్కన ఉంటే ఇదీ లాభం," అంటూ ఊళ్లోని చుక్కలన్నీ పటంలోంచి చెరిపేశారు. గీత పడవల షెడ్డు దగ్గర ఆగిపోయింది.

మా అప్ప మోకాళ్ల నొప్పితో నాలుగేళ్లుగా ఇసుకతట్ట ఎత్తలేదు. ఆ సంగతి నాకు తెలుసు. చెప్పలేదు. ఆ క్షణాన గుర్తురాలేదని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. అదీ అబద్ధమే.

"కట్టుకో అప్పా," అన్నాను.

కట్టింది. ఎంత ముచ్చటగా కట్టిందో! తలుపులకు నీలం రంగు, కిటికీలకు తెల్లరంగు తనే దగ్గరుండి వేయించింది. చేపలు ఆరబెట్టుకోవడానికి వాకిలంతా సిమెంటు పోయించింది. ఎర్రయ్య బావ మాత్రం "నీ తమ్ముడు పురుగుల్నడిగి ముగూర్తం పెట్టినాడు, ఏటవుద్దో" అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు గుచ్చుకునేది. చిరాకుపడి ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ నెలల్లో నేను ఇంట్లో మా ఆవిడమీద కూడా అయినదానికీ కానిదానికీ అరిచాను.

వైశాఖంలో గృహప్రవేశం. పాలు పొంగించారు. పరమాన్నం వడ్డించారు. సునందిని గారు కూడా చాపమీద కూర్చుని తిన్నారు. భోజనాలయ్యాక బావకు హుషారు పుట్టింది.

"ఏరా పురుగుల కాంపౌండరూ, ఆ సెవి మిషను పట్టుకురా. మా ఇంటి గుండె ఎలా కొట్టుకుంటాదో సూద్దాం!"

జనం నవ్వారు. నేనూ నవ్వాను. కేంద్రం పక్కనే కాబట్టి వెళ్లి చేతిలో పట్టే చిన్న చెవి తెచ్చాను. గిన్నెలాంటి దాని మూతిని వాకిట్లో సిమెంటు మీద బోర్లించి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

టిక్. టిక్. టిక్.

తీగ వదులైందేమో అనుకుని బిగించాను. రెండడుగులు జరిపాను. టిక్, టిక్. అప్ప నా మొహం చూసి హెడ్‌ఫోన్ లాక్కుని తన చెవులకు పెట్టుకుంది. నవ్వుతూ పెట్టుకుంది పాపం. ఆ నవ్వు అలాగే ఆగిపోయింది.

"ఎవులో కిందనించి తలుపు కొడతన్నార్రా," అంది.

సునందిని గారు లేచారు. గుమ్మం పక్కన ముగ్గుపిండి గిన్నె ఉంటే అందుకున్నారు. హెడ్‌ఫోన్ తను పెట్టుకుని, పరికరం మూతిని జరుపుతూ, చప్పుడు వినిపించిన ప్రతిచోటా చిటికెడు పిండి పెట్టుకుంటూ పోయారు. ఈ గోడనుంచి ఆ గోడదాకా తెల్లటి చుక్కలు వరసకట్టాయి. చుక్కకూ చుక్కకూ మధ్య ఒకే దూరం. తట్టతో పోసిన ఇసుకైతే గుడ్లు కుప్పలుగా పడి ఉండాలి. వాకిట్లో ఉన్నవాళ్లంతా ఆ చుక్కల్నే చూస్తున్నారు.

"దానమ్మగారూ," అన్నారు ఆవిడ, "ఇల్లు కట్టకముందు మీరు ఒడ్డునుంచి ఇసుక మోసుకొచ్చి ఇక్కడ పరిచేవారా?"

"నానేటి మొయ్యడం తల్లీ! తట్టెత్తి నాలుగేళ్లయింది. మా కామేసుకి తెల్దేటి?"

అందరూ నావైపు తిరిగారు. ఇంక దాచడానికేముంది? చెప్పేశాను. చుక్కలు నాకు ముందే కనబడ్డాయని చెప్పాను. ఇసుక తట్టల మాట ఎందుకు చెప్పానో చెప్పాను. ఇంకో ఏడాది దాటాక సముద్రం ఈ వాకిట్లోకి వస్తుందని కూడా చెప్పాను. చెబుతూ చెబుతూ ఏడ్చేశాను. కొత్త పంచె కట్టుకుని, నలభై ఐదేళ్లవాణ్ణి, వాకిట్లో కూలబడి ఏడ్చాను.

సునందిని గారు నన్ను చూసిన చూపు మర్చిపోలేను. కోపం కాదు. "నేనే ఆవేళ దానమ్మగారిని అడిగి ఉండాల్సింది, ఇక్కడికి వచ్చి వినాల్సింది," అని తనను తానే తిట్టుకున్నారు. అంతకంటే చెంపమీద కొడితే బాగుండేది.

అప్ప లోపలికి వెళ్లింది. ఏడుస్తుందనుకున్నాం. గునపం పట్టుకుని బయటికొచ్చి నా ముందు పడేసింది.

"పగలగొట్టు."

"అప్పా..."

"నువ్వే కొట్టాల. ఆ తల్లెవులో కడుపుతో ఉండి తన పిల్లలకి సోటు సూసుకుంది. నాను ఆళ్ల నెత్తిన బండేసీసినాను. ఊపిరాడక కొట్టుకుంటన్నారు. బేగి కొట్టు!"

కొట్టాను. అప్పుడే పాలు పొంగించిన ఇంటి వాకిలి, ముగ్గు ఆరని వాకిలి, నా చేతులతో పగలగొట్టాను. మొదటి పెచ్చు లేపేసరికి కింద చెమ్మగా ఇసుక కనబడింది. అందులో పెన్సిల్ దూరేంత గుంటలు వరసగా ఉన్నాయి. అందరం మోకాళ్లమీద కూర్చుని ఊపిరి బిగబట్టాం. కాసేపటికి ఒక గుంటలోంచి మెల్లగా ఒక తల పైకొచ్చింది. రాగిరంగు తల, నాలుగు నల్లటి కళ్లు. పక్క గుంటలోంచి ఇంకొకటి వచ్చింది. తర్వాత ఒక్కొక్కటే వరసంతా లేచి, గుంటలకు తలలు మూతలు పెట్టుకుని, మా అందర్నీ చూస్తూ కూర్చున్నాయి. ఎర్రయ్య బావ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఊరిని నమ్మించడానికి ఎవరూ కష్టపడక్కర్లేకపోయింది. అంతకుముందు రాళ్ల గోడ కావాలని కలెక్టరుకు అర్జీ పెడదామన్న పెద్దలే, "గోడ కడితే ఈ పిల్లల మీదే గదా కట్టాల" అని ఊరుకున్నారు. సరుగుడు తోట అవతల మెరకభూమి ఉంది. నాలుగు వరసల వాళ్లూ అక్కడికి మారాలని తీర్మానం చేసుకున్నారు. చేతిలో ఉన్నది పద్నాలుగు నెలలు. ఆ చుక్కలు నేను చెరిపించకుండా ఉంటే ఇంకో ఎనిమిది నెలలు ఉండేవి. ఆ ఎనిమిది నెలల్లో ఊళ్లో అప్పతో కలిపి ముగ్గురు కొత్త ఇళ్లు కట్టారు. మిగతా ఇద్దరి మొహాలు కూడా నేను రోజూ చూడాలి.

అప్ప నాతో మాట్లాడటం మానేసింది. ఏదైనా చెప్పాలంటే బావని పంపేది. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, "మీ అప్ప సెప్పమంది, సాయంత్రం రంపం తెమ్మని. నీతో మాటాడదట. నాతో మాటాడినా తిట్టడానికేలే," అని వెళ్లిపోయేవాడు. తలుపులు, కిటికీలు, ఇనుప ఊచలు అన్నీ ఊడదీశాం. అంతటితో ఆగలేదు అప్ప. గోడలు కూడా పడగొట్టించింది. పునాది రాళ్లు, సిమెంటు పెచ్చులు పిల్లల గుంటలు తొక్కకుండా, వరసకు అటూ ఇటూ నిలబడి, చేతులు మార్చుకుంటూ బయటికి మోశాం. తాటాకుల ఇల్లు ఉన్న చోటు మళ్లీ ఉత్త ఇసుక అయింది. తను ఏడాది నిండకుండా కాపురమున్న ఇంటిని అప్ప ఇటుక ఇటుక లెక్కన ఊడ్చిపారేసింది. మోకాళ్లు పట్టేస్తుంటే కూర్చుని, మళ్లీ లేచి మోసింది. నేను వద్దంటే విననట్టు పోయేది.

రెండో ఆషాఢం వచ్చింది. పున్నమినాడు పట్టపగలు. గాలి లేదు, వాన లేదు, తుపాను హెచ్చరికా లేదు. ఊరంతా మెరకమీద నిలబడి చూస్తున్నాం. సముద్రం పోటెత్తడం మొదలుపెట్టింది. ప్రతి పున్నమికీ ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆగలేదు. వలల చోటు దాటింది. ఖాళీ అయిన పడవల షెడ్డులోకి పోయి అవతలినుంచి బయటికొచ్చింది. వీధుల్లోంచి, దారి తెలిసిన మనిషిలా, తొందర లేకుండా నడిచొచ్చింది. గోడలు ఒక్కొక్కటే మోకాళ్లమీద కూర్చున్నట్టు కూలాయి. అప్ప వాకిలి ఉన్నచోటికి వచ్చి, పల్చటి నురగ అంచు ఒకసారి ముందుకు పాకి, ఆగింది. అంతే. వెనక్కి తగ్గింది.

సునందిని గారు కొలిచారు. గీతకు జానెడు తేడా. ఊళ్లో ఒక్క ప్రాణం పోలేదు. ఎవరికీ కేకలు వెయ్యాలనిపించలేదు, ఏడవాలనిపించలేదు. అంత పెద్ద సముద్రం, అంత చిన్న పురుగు చెప్పినచోట ఆగిపోవడం కళ్లారా చూశాం.

నాలుగు రోజులకు అప్ప వాకిలి ఉన్న తడి ఇసుకలోంచి రెక్కలొచ్చిన పులులు పైకొచ్చాయి. మీగడరంగు వీపులు ఎండలో మెరుస్తూ, పరిగెత్తి ఆగుతూ, పరిగెత్తి ఆగుతూ. ఇంకో మూడు వారాలకు తల్లులు గుడ్లకు చోటు చూసుకోవడం మొదలుపెట్టాయి.

ఆ కబురు ఊళ్లో ఎవరు చెప్పారో గాని, సాయంత్రం నాలుగింటికల్లా అందరూ ఒడ్డున ఉన్నారు. ఒక తల్లి నీటి అంచు దగ్గర తోక చివర ఇసుకలో గుచ్చి చూసింది. నచ్చలేదు. పైకి పరిగెత్తింది. మళ్లీ గుచ్చింది. మళ్లీ పరిగెత్తింది. మెరకవైపు. మా కొత్త ఇళ్లవైపు.

ఊరంతా దాని వెనక నడిచింది. పది గజాల దూరం ఉంచి, అది ఆగితే ఆగి, అది కదిలితే కదిలి, ముసలీ ముతకా, చంకన పిల్లల్నెత్తుకున్న తల్లులు, ఎవరూ దగ్గుకూడా దగ్గకుండా. సరుగుడు తోట కనబడుతోంది. తోట అవతల మా కప్పులు కనబడుతున్నాయి. ఇంకొక్క పరుగు తీస్తే ఏం చెయ్యాలి? మళ్లీ ఎక్కడికి పోవాలి?

అది ఆగింది. చూసింది. వెనక్కి తిరిగింది. సర్రున కిందికి పరిగెత్తి, కొత్త నీటి గీతకు పది పన్నెండు అడుగుల పైన, తోటకు చాలా ఇవతల, ఒకచోట తోక గుచ్చి కదలకుండా ఉండిపోయింది.

"ఇక్కడిదాకేనా తల్లీ?" అని అప్ప గొంతు వినబడింది.

పక్కన చూస్తే నా పక్కనే ఉంది. ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. పద్నాలుగు నెలలుగా నా పక్కన నిలబడని మనిషి. మెల్లగా ముందుకెళ్లి, మోకాళ్లు పట్టుకుని దాని పక్కన ఇసుకలో కూర్చుంది. ఆ తల్లి పని ముగించుకుని ఎగిరిపోయేదాకా దానిమీద ఎండ పడకుండా చెయ్యి అడ్డం పెట్టింది. తర్వాత చుట్టూ చూసి, కొట్టుకొచ్చిన సరుగుడు పుల్ల ఒకటి తీసి, నా దగ్గరికొచ్చి చేతిలో పెట్టింది.

"గీత గియ్యిరా కామేసూ," అంది. "ఈసారి సెరపకు."